వరసబండ మీద ఎనిమిది కుంకుడుకాయలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఇల్లు కావలసినవాళ్ళు ఎక్కువ, ఇల్లు చెయ్యడం తెలిసినవాళ్ళు తక్కువ.

నవ్వకండి పిల్లలూ, నిజం. గోరువంకకు చెట్టుతొర్ర కావాలి, కానీ చెట్టును తొలచడం రాదు. పాలపిట్టకూ రాదు. గుడ్లగూబ సంగతి చెప్పనే అక్కర్లేదు. అంతంత కళ్ళేసుకుని ఎదుటివాళ్ళ పని చూడటమే గాని, పుల్ల తీసి పక్కన పెట్టిన పాపాన పోదు. అడవి మొత్తానికి చెట్టును తొలిచి గూడు చెయ్యగలవాళ్ళు ఎనిమిది మందే. ఎనిమిది వడ్రంగిపిట్టలు. వాళ్ళలో పెద్దాయన పేరు వీరాచారి. నెత్తిమీద ఎర్రకుచ్చు, ఉలిలాంటి ముక్కు, మాట తక్కువ, పని ఎక్కువ.

ఎవరికి తొర్ర కావాలన్నా ఆ ఎనిమిది మందే చేసిపెట్టాలి. కూలి ఏమిటంటారా? పురుగు పట్టిన చెట్టు ఎక్కడుందో చూపిస్తే చాలు, కడుపునిండా తిని పనిలోకి దిగుతారు. ఒక్కో తొర్రకు ఎనిమిది రోజులు పడుతుంది. "ఇద్దరు కలిసి కొడితే నాలుగు రోజుల్లో అయిపోదా?" అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. అవ్వదు. తొర్ర నోట్లో ఒక్క ముక్కే పడుతుంది. రెండోవాడు వెనకాల నిలబడి మొదటివాడి తోక చూస్తూ ఉండాల్సిందే.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పని మొదలుపెట్టిన చెట్టును వడ్రంగిపిట్ట సగంలో వదలదు. సగం తొలిచిన చెట్టులో వాననీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు నిలిస్తే చెట్టు లోపలినుంచి కుళ్ళి చచ్చిపోతుంది. ఇల్లు ఇచ్చే చెట్టును చంపకూడదని వాళ్ళ తాతలనాటి ఒట్టు. మొదలుపెట్టారంటే పూర్తి కావలసిందే.

మరి అంత పెద్ద అడవికి ఎనిమిది మంది ఎలా చాలుతారు? అందుకే వరసబండ. అడవి నడిమధ్య చదునైన బండ ఒకటి ఉంది. తొర్ర కావలసినవాళ్ళు వచ్చి దానిమీద ఒక కుంకుడుకాయ పెట్టాలి. ఒక కాయ అంటే ఒక తొర్ర. ముందు పెట్టిన కాయకు ముందు పని. తొర్ర పూర్తయ్యాకే ఆ కాయ బండ మీంచి తీస్తారు. ఆ బండ పక్కన కూర్చుని వరస చూసేవాడే మన సింగన్న. సింగన్న ఒక కొండముచ్చు.

సింగన్నకు ముందు ఆ పని వాళ్ళ మేనత్త చూసేది. ఆమె నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఒక్కరికి రెండు కాయలే అనేది. బండ బోసిగా ఉన్నా రెండే. ఎవరైనా మూడో కాయ తెస్తే, దాన్ని తీసి మళ్ళీ వాళ్ళ చేతిలోనే పెట్టేది. "రాతిగుండెది" అని అడవిలో సగం మంది ఆమెను తిట్టుకునేవారు. ఆమె చెవిన వేసుకునేది కాదు. ముసలితనం వచ్చి కొండమీదికి వెళ్ళిపోతూ మేనల్లుణ్ణి పిలిచింది.

"ఒరే సింగా, ఒక్కరికి రెండు కాయలు. మూడోది పెట్టనియ్యకు" అంది.

"ఎందుకత్తా?" అన్నాడు సింగన్న.

"పని చేస్తుంటే నీకే తెలుస్తుందిలే" అని ఆమె కొండెక్కింది.

తెలిసింది. అది ఎలా తెలిసిందో చెప్పడానికే ఈ కథ. ఆ ఎందుకో ఏమిటో ఆవిడ ఆ రోజే కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. పెద్దవాళ్ళు ఒక్కోసారి అంతే, వద్దని చెప్తారు గాని ఎందుకు వద్దో చెప్పరు.

సింగన్న చాలా మంచివాడు. ఎవరు వచ్చినా లేచి పలకరిస్తాడు, కుశలం అడుగుతాడు, కూర్చోమంటాడు. అతనికి ఒకే ఒక్క జబ్బు. ఎదురుగా నిలబడి ఎవరైనా అడిగితే కాదనలేడు. దాన్ని కొందరు మంచితనం అంటారు, కొందరు మొహమాటం అంటారు. సింగన్న మాత్రం మంచితనమనే అనుకునేవాడు. అత్తను తిట్టుకున్న నోళ్ళే తనను మెచ్చుకుంటుంటే అతనికి వెన్నముద్ద తిన్నంత హాయిగా ఉండేది.

ఆ ఏడు చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చింది. ఇల్లు కావలసిన పిట్టలన్నీ ముందే చేయించుకుని కాపురాలు పెట్టేశాయి. బండమీద ఒక్క కాయ లేదు. వడ్రంగిపిట్టలు ఎనిమిది మందీ మద్దిచెట్టు కొమ్మమీద వరసగా కూర్చుని ముక్కులు గీక్కుంటున్నారు.

అప్పుడు వచ్చాడు ఉడుత పానకాలు. పేరుకు తగ్గట్టే మాట తియ్యన.

"సింగన్న మావా, రెండు తొర్రలు కావాలి" అన్నాడు.

"రా అల్లుడూ, రా. ఎందుకు నీకు రెండు?" అన్నాడు సింగన్న.

"పోయిన వానాకాలం నా కష్టం చూశావు కదా మావా. దాచుకున్న సారపలుకులన్నీ బూజు పట్టిపోయాయి. పిల్లలు రెండు నెలలు చెట్టు బెరడు నమిలారు. ఈసారి గట్టి చెట్టులో, మూరెడు లోతున, సన్నటి తొర్రలు చేయించుకుంటాను. మద్దిలో ఒకటి, ఏగిసలో ఒకటి."

పాపం, న్యాయమైన మాటే. రెండు కాయలు పెట్టాడు. ఇద్దరు వడ్రంగిపిట్టలు పనికి లేచారు. ఇంతవరకూ ఎవరిదీ ఏ తప్పూ లేదు.

రెండో రోజు పొద్దున్నే పానకాలు మళ్ళీ వచ్చాడు. చేతిలో ఇంకో రెండు కాయలు.

"మావా, రాత్రి ఆలోచించాను. ఏ చెట్టులో గింజ చెడకుండా ఉంటుందో రెండు చెట్లు చూస్తే ఎలా తెలుస్తుంది? ఇప్పలో ఒకటి, తపసిలో ఒకటి కూడా చేయిస్తే తేలిపోతుంది. తేలాక నేనొక్కణ్ణే దాచుకుంటానా? అడవి మొత్తానికి చెప్పేస్తాను."

సింగన్న గడ్డం గోక్కున్నాడు. "రెండుకు మించి పెట్టకూడదు అల్లుడూ. అత్త మాట" అన్నాడు.

"నిజమే మావా. ఎవరైనా వరసలో నిలబడి ఉంటే నేను అడిగేవాణ్ణా? చూడు, బండ ఖాళీ. వాళ్ళు ఆరుగురూ ఊరికే కూర్చుని ఉన్నారు. నేను వాడుకున్నంత మాత్రాన ఎవరి నోటి దగ్గరిది లాక్కున్నట్టు?"

సింగన్న చుట్టూ చూశాడు. నిజంగానే ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడు ఎవరికోసం కాదనాలి? 

"సరేలే, పెట్టు" అన్నాడు.

మూడో రోజు పానకాలు మళ్ళీ రెండు కాయలతో వచ్చాడు. చెట్టు ఏదన్నది ఒక్కటే కాదట, ఎత్తు కూడా చూడాలట. పైకొమ్మలో ఒకటి, కిందికొమ్మలో ఒకటి. సింగన్నకు గుండెలో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ నిన్న నాలుగు ఇచ్చినవాడు ఇవాళ ఆరుకు కాదంటే ఏం బాగుంటుంది? మొదటి గీతే వంకరపోతే తరువాతిది తిన్నగా ఎలా వస్తుంది? "పెట్టు" అన్నాడు.

నాలుగో రోజు మళ్ళీ వచ్చాడు. ఈసారి తూర్పు ముఖం ఒకటి, పడమటి ముఖం ఒకటి. ఎండ ఏ వైపు తగిలితే గింజ ఆరుతుందో చూడాలట.

ఈసారి వీరాచారే కొమ్మమీంచి దిగి వచ్చాడు. మిగిలిన ఇద్దరిలో ఆయన ఒకడు.

"సింగన్నా, ఇవీ పెట్టనిస్తే ఇంక చెట్టుమీద ఎవరం మిగలం. ఒక్కరమైనా ఉంటే మంచిదేమో, చూసుకో" అన్నాడు.

"ఉండి ఏం చేస్తావు ఆచారీ? ఊరికే కూర్చుంటావు. పనిమంతుడివి, నీ ముక్కు ఖాళీగా ఉంటే నాకే బాధగా ఉంది" అన్నాడు సింగన్న నవ్వుతూ.

 చెప్పాల్సింది ఒక్కసారే చెప్పడం వీరాచారి అలవాటు. ఎగిరి వెళ్ళి పడమటి ముఖం చెట్టుకు ముక్కు తగిలించాడు.

పానకాలు సింగన్న కాళ్ళకు దణ్ణం పెట్టాడు. "నీలాంటి మంచోడు ఈ అడవిలో పుట్టలేదు మావా. మీ అత్త ఉంటే ఈ పని జరిగేదా?" అన్నాడు. బండమీద ఎనిమిది కుంకుడుకాయలు వరసగా ఉన్నాయి. ఎనిమిదీ పానకాలువే. అడవి నలుమూలలా టకటకమని మోత. ఎవరూ ఖాళీగా లేరని, అంతా పచ్చగా పని జరుగుతోందని సింగన్న మురిసిపోయాడు.

ఆ సాయంత్రం గాలివాన వచ్చింది.

వైశాఖంలో వచ్చే గాలి సంగతి మీకు తెలుసు. చెప్పి రాదు, వచ్చాక నిలవదు. ఒక్క గడియలో కొమ్మలు విరిచి, ఆకులు దులిపి, పిడికెడు వడగళ్ళు చల్లి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ వాగు ఒడ్డున ఉన్న ముసలి బూరుగుచెట్టును వేళ్ళతో సహా పడగొట్టింది.

ఆ బూరుగుచెట్టు తొర్రలో గోరువంక వరాలు, ఆమె పెనిమిటి కాపురముండేవారు. పోయిన ఏడే పెళ్ళయింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఇల్లు మాత్రం చెట్టుతోపాటు వాగులో పడి కొట్టుకుపోయింది.

తెల్లారగానే వరాలు కుంకుడుకాయ ముక్కున కరుచుకుని బండ దగ్గరికి వచ్చింది. రెక్కలు ఇంకా తడిగా ఉన్నాయి.

"అన్నా, ఇల్లు పోయింది" అంది.

"అయ్యో చెల్లీ! మీరు క్షేమమేనా?" అన్నాడు సింగన్న లేచి.

"మేం బాగానే ఉన్నాం. నాకు ఇంకో పదిరోజుల్లో గుడ్లు వస్తాయి అన్నా. తొర్రకు ఎనిమిది రోజులే కదా. ఇవాళే మొదలుపెట్టిస్తే రెండు రోజులు ముందే అయిపోతుంది. ఏ పుణ్యం చేసుకున్నానో, నాకు ఇంత గడువు మిగిలింది" అంటూ కాయ పెట్టబోయి ఆగింది.

బండమీద ఎనిమిది కాయలున్నాయి.

"ఇవన్నీ ఎవరివన్నా?" అంది.

సింగన్న మద్దిచెట్టు వైపు చూశాడు. కొమ్మమీద ఎవరూ లేరు. నిన్న ఎవరూ లేరని మురిసిపోయిన కొమ్మే. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. అందరికంటే ముందు మొదలైన తొర్ర పూర్తి కావడానికి ఇంకా నాలుగు రోజులు. ఆ తరువాత వరాలు తొర్రకు ఎనిమిది. మొత్తం పన్నెండు. ఆమెకున్నది పది. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎన్నిసార్లు మడిచినా వేళ్ళు అదే చెప్పాయి.

రెండు రోజులు తక్కువ.

సింగన్న పరుగెత్తాడు. చెట్టు చెట్టుకూ దూకి వీరాచారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన నిన్న వానకు ముందు తొలిచింది గోరంత లోతు కూడా లేదు.

"ఆచారీ, ఈ పని ఆపి గోరువంకకు తొర్ర మొదలుపెట్టు. నీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

వీరాచారి తొర్ర మొదట్లోకి చూపించాడు. బెరడు ఊడింది, లోపలి తెల్లచెక్క బయటపడింది. రాత్రి వానకు అప్పుడే అందులో నాలుగు చుక్కల నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"ఇలా వదిలితే ఈ వానాకాలం దాటదు ఈ చెట్టు. నూరేళ్ళ చెట్టు సింగన్నా. మా తాతలు పెట్టిన ఒట్టు నా చేత తప్పించకు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే సింగన్నకు ఎక్కువ బాధనిపించింది.

అప్పటికి సంగతి తెలిసి పానకాలు కూడా ఉరుక్కుంటూ వచ్చాడు. వాడి తోక నేలమీద ఈడ్చుకుంటోంది.

"మావా, నా తొర్ర ఇచ్చేస్తాను. నాలుగు రోజుల్లో రెండు అయిపోతాయి కదా. వరాలు వదినను అందులో ఉండమను. నాకు ఒక్కటీ వద్దు" అన్నాడు.

వీరాచారి తల అడ్డంగా ఊపాడు. "నువ్వు చేయించుకునేవి గింజలు దాచే తొర్రలు రా పానకాలూ. సన్నకొమ్మలు, నువ్వు దూరేంత నోరు. అందులో గోరువంక ఒళ్ళు పట్టదు. వెడల్పు చేద్దామంటే కొమ్మ విరుగుతుంది" అన్నాడు.

పానకాలు అక్కడే కూలబడి ఏడ్చాడు. వాణ్ణి తిట్టాలని మీకు అనిపిస్తోంది కదూ? నాకు అనిపించదు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. వాడు అడిగాడు. కాదనాల్సినవాడు వేరే ఉన్నాడు.

ఆ కాదనాల్సినవాడు ఆ రోజంతా అడవి తిరిగాడు. చిలుక ఇంటికి వెళ్ళాడు. "లోపల ఆరుగురు పిల్లలున్నారు బాబాయ్, కాలు పెట్టే చోటు లేదు" అంది చిలుక. పాలపిట్ట ఇంటికి వెళ్ళాడు. "నేను గుడ్లమీద ఉన్నాను, లేవలేను" అని తొర్రలోంచే చెప్పింది పాలపిట్ట. గుడ్లగూబ ఇంటికి వెళ్ళాడు. గుడ్లగూబ మాత్రం "రమ్మను, చోటుంది" అంది. కానీ గుడ్లగూబ ఇంట్లో గోరువంక గుడ్లు పెడితే ఏమవుతుందో మీకూ తెలుసు, సింగన్నకూ తెలుసు. దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ఉత్తచేతులతో వరాలు ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"చెల్లీ, నాలుగు రోజులు ఆగాలి. మొదట ఖాళీ అయినవాణ్ణి నీకే పంపుతాను" అన్నాడు.

"నేను ఆగుతానన్నా. నా కడుపులోవాళ్ళు ఆగుతారా?" అంది వరాలు. మళ్ళీ తనే, "పోనీలే అన్నా. రెండు రోజులే కదా. ఆకులూ పుల్లలూ వేసుకుని ఎలాగో గడుపుతాం. నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అంది.

 తను ఏం చేశాడో సింగన్నకు తెలుసు. ఆమెకు ఇంకా తెలియదు.

నాలుగు రోజులు గడిచాయి. మద్దిచెట్టు తొర్ర పూర్తయింది. ఆ తొర్ర తొలిచిన పిట్ట నీళ్ళయినా తాగకుండా వెళ్ళి వరాలు కోసం ఏగిసచెట్టు మాను మీద ముక్కు వేసింది. తక్కినవాళ్ళకు కూడా పనులు ఒక్కొక్కటే పూర్తయ్యాయి. ఒక్కొక్కరే వచ్చి మద్దికొమ్మ మీద కూర్చున్నారు. ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఇప్పుడు ఏడుగురూ ఖాళీయే. ఏడుగురు ఉండీ వరాలుకు పనికిరారు. తొర్ర నోట్లో ఒక్క ముక్కే పడుతుంది కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే పిల్లలూ.

సింగన్న రోజుకు పదిసార్లు ఏగిసచెట్టు దగ్గరికి వెళ్ళేవాడు. "ఎంతవరకు వచ్చింది? ఇంకెంత?" అని అడిగేవాడు. తొలుస్తున్న పిట్ట ముక్కు చివర రక్తం కారుతుంటే చూడలేక తల తిప్పుకునేవాడు.

వరాలు లెక్క చెప్పినట్టే పదో రోజు పొద్దున మొదటి గుడ్డు పెట్టింది. తపసిచెట్టు కొమ్మల పంగలో, పుల్లలూ గడ్డీ పేర్చిన గూట్లో. నీలం రంగు గుడ్డు. పదకొండో రోజు పొద్దున రెండోది పెట్టింది. సింగన్న ఆ కొమ్మ పక్కనే కాపలా కూర్చున్నాడు. కాకి వస్తే పళ్ళు చూపించి తరిమాడు. పాము వస్తే కొమ్మ ఊపి కింద పడేశాడు. పొద్దుటి నుంచీ పచ్చి ఆకు కూడా నమలలేదు.

"ఒక్క రోజు చెల్లీ. రేపు సాయంత్రానికి అయిపోతుంది" అన్నాడు.

"అవుతుందన్నా" అంది వరాలు గుడ్లమీంచి కదలకుండా.

పదకొండో రోజు మధ్యాహ్నం పడమటివైపు ఆకాశం నల్లబడింది.

సింగన్న కొమ్మను రెండు చేతులతో కౌగిలించుకున్నాడు. గూటిమీద వంగి వీపు అడ్డం పెట్టాడు. వరాలు రెక్కలు చాపి కింద, సింగన్న పైన. వాన అతని వీపుమీద రాళ్ళు విసిరినట్టు పడింది. కాకినైతే తరిమాడు, పామునైతే పడేశాడు, గాలిని ఏం చేస్తాడు? కొమ్మ ఒకసారి పైకి లేచి కిందికి ఊగింది. గడ్డి జారింది. ఒక గుడ్డు పంగలోంచి దొర్లి కిందికి పోయింది. రెండోదానికి సింగన్న చెయ్యి చాపాడు. అందింది. గుప్పిట్లో పట్టుకున్నాడు.

వాన వెలిశాక గుప్పిట విప్పాడు. పడిపోతుందన్న భయంలో గట్టిగా పట్టుకున్నాడు. గుడ్డు చిట్లి ఉంది.

వరాలు ఆ చేతిని చాలాసేపు చూసింది. ఏడవలేదు. పెనిమిటి వచ్చి పక్కన కూర్చుంటే అతనికి ఆనుకుని కూర్చుంది.

మరుసటి రోజు సాయంత్రం ఏగిసచెట్టు తొర్ర పూర్తయింది. ఆ అడవిలో అంత మంచి తొర్ర ఎవరికీ లేదు. నున్నటి గోడలు, వాన దిగని నోరు, లోపల నలుగురు పిల్లలు పట్టే చోటు. సింగన్న వరాలును తీసుకొచ్చి చూపించాడు.

ఆమె లోపలికి తొంగిచూసింది. వెనక్కి వచ్చి కొమ్మమీద వాలింది.

"బాగుందన్నా. ఇప్పుడు ఇందులో ఏం పెట్టుకోను?" అంది.

సింగన్న ఇంక దాచలేకపోయాడు. పానకాలు వచ్చింది, తను మూడుసార్లు సరేనన్నది, వీరాచారి హెచ్చరించినా నవ్వేసింది, అన్నీ చెప్పేశాడు. "ఎదురుగా అడుగుతుంటే కాదనలేకపోయాను చెల్లీ. బండ ఖాళీగా ఉంది కదా అనుకున్నాను. తప్పు నాది" అన్నాడు. 



"నువ్వు అందరికీ మంచోడివన్నా. ఆ ఒక్కరోజు ఒక్కడికి చెడ్డోడివయ్యుంటే నా పిల్లలు దక్కేవాళ్ళు" అంది వరాలు.

తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా పడేవాడు. ఆమె ఆ మాట మెల్లగా, ఉన్న సంగతి చెప్పినట్టుగా చెప్పింది. తరువాత మొగుడూ పెళ్ళాలిద్దరూ లేచి, వాగు దాటి, కొండ అవతలి అడవి వైపు ఎగిరిపోయారు. సింగన్న వాళ్ళు కనిపించినంతవరకూ చూశాడు. మళ్ళీ ఏడు వస్తారేమోనని ఎదురుచూశాడు. రాలేదు. ఆ పై ఏడూ రాలేదు.

పానకాలు పరీక్ష మాత్రం తేలింది. వానలు వెళ్ళాక తొర్రలన్నీ తెరిచి చూశాడు. ఏగిసలోనూ, తూర్పు ముఖానా ఉన్న గింజల్లో ఒక్కదానికీ బూజు పట్టలేదు. అంత తెలుసుకుని కూడా వాడు అడవికి చాటింపు వెయ్యలేదు. సింగన్న దగ్గరికి వచ్చి, తల వంచుకుని, చెవిలో చెప్పి వెళ్ళిపోయాడు.

సింగన్న ఇప్పుడు ఒక్కరికి రెండు కాయలే పెట్టనిస్తాడు. ఎవరు బతిమాలినా మూడోది తీసి వాళ్ళ చేతిలోనే పెడతాడు. ఎందుకో కూడా చెప్తాడు. విన్నవాళ్ళు కొందరు అర్థం చేసుకుంటారు. కొందరు రాతిగుండెవాడని అనుకుంటూ వెళ్ళిపోతారు. ఒక్కోరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండకు ఎవరూ రారు, వడ్రంగిపిట్టలు ఊరికే కూర్చుని ఉంటారు, ఆ రోజు పోయిన పని పోయినట్టే. అది నష్టమేనని సింగన్నకూ తెలుసు. అయినా సాయంత్రం దాకా బండ దగ్గరే ఉంటాడు. తడిసిన రెక్కలతో ఎవరైనా వస్తున్నారేమోనని వాగు వైపు చూస్తూ ఉంటాడు.

నీతి: అందరిదీ అయిన దానిలో ఖాళీగా కనిపించేదంతా మిగులు కాదు, ఇంకా రానివాళ్ళ వంతు కూడా అందులోనే ఉంటుంది. ఎదుట ఉన్నవాడికి హద్దు చెప్పలేని మంచితనం, ఎదుట లేనివాడికి అన్యాయం చేస్తుంది.